ముందు బయల్దేరే స్లో కారుకి లాభమా, వెనక తరుముకొచ్చే ఫాస్ట్ కారుకా?

ఇర్వింగ్_క్యామ్రీ

అన్నలూ అక్కలూ, ఒక సందేహం. డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది కదా, ఈ వేసవి నుంచి అక్కడ నా 2012 క్యామ్రీ వీ6తో బ్రాకెట్ రేసింగ్ మొదలుపెట్టాను. ఇంట్లో మాత్రం కారు ఎలా ఉందో చెక్ చేయించుకుంటున్నా అని చెప్పాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్వార్టర్ మైలు, అంటే 1,320 అడుగులు, మన కారు ఎంతలో వెళ్తుందో మనమే ముందు చెప్పాలి. దాన్నే డయల్-ఇన్ అంటారు. ఆ అంకె తెల్ల షూ పాలిష్‌తో అద్దం మీద రాయాలి. నాది 14.90. మొన్న రెండో రౌండ్‌లో నా పక్కకి వచ్చింది పాత షెవీ నోవా, దాని అద్దం మీద 10.40. తేడా నాలుగున్నర సెకన్లు కాబట్టి నాకు పచ్చ లైటు పడిన నాలుగున్నర సెకన్లకి గానీ వాడికి పడదు. ఇద్దరం చెప్పిన టైమే కొడితే, స్టార్ట్‌లో ఒకేలా కదిలితే, ఫినిష్ గీత దగ్గర సమానం. చెప్పినదానికంటే త్వరగా వెళ్తే బ్రేకౌట్, రేసు పోయినట్టే. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ తేడాతో అయినవాడిది గెలుపు.

(ఒక ఆదివారం ఆ పాలిష్ తుడవడం మర్చిపోయి గుడికి వెళ్లాను. పార్కింగ్‌లో ఒక పెద్దాయన అద్దం కేసి చూసి, "ఎంత బాబూ, పద్నాలుగు వేల తొమ్మిది వందలా? మైలేజీ ఎంత తిరిగింది?" అన్నారు.)

సరే, అసలు విషయం. వెయ్యి అడుగుల దాకా నేనే ముందున్నాను. వెనక చూసే అద్దంలో ఏమీ లేదు. మళ్లీ చూసేసరికి అద్దం నిండా నోవా. గీత దగ్గర ఏడెనిమిది అడుగుల ముందు వాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా నానమ్మ అనేది, ఆ మాటే గుర్తొచ్చింది. నాలుగు వారాల్లో మూడుసార్లు ఫాస్ట్ కార్ల చేతిలోనే పోయాను. అసలీ పద్ధతే వాళ్లకి అనుకూలమా? లేక నాదే తప్పా?

హైదరాబాద్_గేర్

మాకు ఇక్కడ ఇండియాలో, మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే డ్రాగ్ రేసులే తెలుసు. క్లాసుల వారీగా పెడతారు, తక్కువ టైమ్ కొట్టినవాడిది కప్పు, అంతే. క్యామ్రీకి, నోవాకి రేసేంటి బాస్, నవ్వొస్తోంది. కానీ చదవడానికి బాగుంది, కానివ్వండి.

ఫుట్‌బ్రేక్_బాబాయ్

తమ్ముడూ, రేసయ్యాక టైమ్ స్లిప్ ఇస్తారు కదా, ముందు అందులో అంకెలు పెట్టు. ఎవడి చేతిలో పోయావో కాదు, ఎక్కడ పోయావో చూద్దాం.

ఇర్వింగ్_క్యామ్రీ

నాది: రియాక్షన్ (పచ్చ పడ్డాక కదలడానికి పట్టింది) 0.085, టైమ్ (కదిలినప్పటి నుంచి గీత దాకా) 14.93, స్పీడ్ 95 మైళ్లు.
వాడిది: రియాక్షన్ 0.031, టైమ్ 10.43, స్పీడ్ 127 మైళ్లు.

ఫుట్‌బ్రేక్_బాబాయ్

ఇద్దరూ డయల్ కంటే 0.03 లేటు. అంటే గీత దగ్గర ఎవడూ ఎక్కువా కాదు, తక్కువా కాదు. తేడా మొత్తం లైట్ల దగ్గరే: 0.085కి, 0.031కి మధ్య 0.054. నువ్వు చూసిన ఆ ఏడెనిమిది అడుగులు అవే. కాబట్టి ఆ రోజు నోవా నిన్ను పట్టుకోలేదు, నువ్వే బయల్దేరేటప్పుడు ఇచ్చేశావు.

నేను ఎనిమిదేళ్లు ఒక ఎస్-10 పికప్ తోలాను, 13.60 బండి. తర్వాత 10 సెకన్ల కమారో కొన్నాను. రెండు వైపులా కూర్చున్నవాడిగా చెప్తున్నాను, ఫాస్ట్ కారుకి ఉన్న లాభాలు నిజమైనవే. కాకపోతే జనం అనుకునేవి కాదు.

అన్నిటికంటే పెద్దది ఎర్ర లైటు, అంటే పచ్చ పడకముందే కదిలితే వెలిగేది. పాత రూల్ ప్రకారం ముందు ఎరుపు పడినవాడు అక్కడికక్కడే ఔట్. ముందు బయల్దేరేది ఎప్పుడూ స్లో కారే కదా. నువ్వు వెయ్యో వంతు తొందరపడి ఎరుపు తెచ్చుకున్నావనుకో, వెనకవాడు ఆ తర్వాత ఎంత ఘోరంగా తొందరపడినా గెలుపు వాడిదే. పైగా నీ ఎరుపు వాడికి కనిపిస్తుంది. హాయిగా సీట్లో సర్దుకుని వెళ్తాడు. కొన్ని ట్రాకుల్లో ఇప్పుడు ఇద్దరి ఎరుపులూ పోల్చి, ఎక్కువ తొందరపడినవాడినే ఓడించేలా కంప్యూటర్ పెట్టారు. మీ దగ్గర ఏ పద్ధతో డ్రైవర్ల మీటింగ్‌లో అడుగు. అడగడానికి మొహమాటపడకు, అది తెలియకుండా ఎంట్రీ ఫీజు కట్టడమే తప్పు.

రెండోది చూపు. వాడికి నువ్వు ముందు అద్దంలోంచి కనిపిస్తావు, ముందే ఉంటావు కాబట్టి. నీకు వాడు కనపడాలంటే మెడ తిప్పాలి. దగ్గరికి వచ్చాక వాడు ఒక్క క్షణం యాక్సిలరేటర్ వదిలి, నీకంటే వెంట్రుకవాసి ముందు గీత దాటితే చాలు, బ్రేకౌట్ కూడా తప్పించుకుంటాడు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. నీ 95కి, వాడి 127కి తేడా 32 మైళ్లు, అంటే సెకనుకి 47 అడుగులు. గీతకి ఒక్క సెకను ముందు కూడా వాడు నీ వెనక మూడు క్యామ్రీల దూరంలో ఉంటాడు. అంత వేగంగా దగ్గరపడే బండిలో కూర్చుని 'ఇప్పుడు వదలాలా, ఇంకాసేపు ఆగాలా' అని లెక్క కట్టడం తేలిక కాదు. కమారోలో మొదటి ఏడాది నేను సగం రేసులు ఆ లెక్క తప్పే పోగొట్టుకున్నాను. నీకంటే అర సెకను ఫాస్ట్ కారువాడే నిజానికి ప్రమాదం. వాడు నెమ్మదిగా దగ్గరికొస్తాడు, తీరిగ్గా చూసుకుంటాడు.

మరి నీకున్న లాభం? ప్రశాంతత. నీ లైట్లు పడేటప్పుడు పక్కన ఏమీ కదలదు. దాన్ని వాడుకోవట్లేదు నువ్వు.

0.085 ఎందుకొచ్చిందో ఊహించగలను. పచ్చకి ముందు వరసగా వెలిగే పసుపు లైట్లలో మూడోది పూర్తిగా వెలిగాక కాలు తీస్తున్నావు. పసుపులు అర సెకను తేడాతో పడతాయి, మూడోదాని తర్వాత అర సెకనుకి పచ్చ. నీ కన్ను, కాలు కలిసి ఒక 0.2 తింటే, మిగతాది ఆ బరువైన బండి ముందు చక్రం స్టేజ్ కిరణం (కారు కదిలిందని పట్టే కాంతి గీత) దాటడానికి తింటుంది. ఫాస్ట్ బండికి దూకుడు ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, ఆర్‌పీఎం కాస్త దించితే చాలు. నీ బండికి లేని దూకుడు ఎక్కణ్ణుంచి తెస్తావు? అందుకే రెండు పనులు చెయ్యి. చక్రం ఆ కిరణంలోకి వచ్చిందని చెప్పే స్టేజ్ బల్బు వెలిగాక ఇంకో రెండు మూడు అంగుళాలు లోపలికి పాకించు. టైమ్ ఒక పిసరు పెరుగుతుంది, డయల్ దానికి తగ్గట్టు మార్చుకో. ఇక బ్రేక్ మీద కాలు ఉంచి ఆర్‌పీఎం కొద్దిగా ఎక్కించి, మూడో పసుపు వెలగడం మొదలవగానే వదులు.

ఇంకోటి, స్టార్ట్‌కి ముందు రేసు టైర్లు తడిపి తిప్పడానికి ఉండే నీళ్ల గుంటలోంచి వెళ్తున్నావా? మామూలు రోడ్డు టైర్లతో అందులోకి దిగకు, పక్క నుంచి తిరిగి రా. టైరు గాడుల్లో నీళ్లు పట్టుకుని సరిగ్గా స్టార్ట్ దగ్గరే కారుస్తావు. నీకూ జారుతుంది, నీ వెనకవాడు కూడా తిట్టుకుంటాడు.

ఈవీ_అట్లాంటా

బాబాయ్ గారు స్టార్ట్‌లో ప్రశాంతత అన్నారు, దానికి అవతలి వైపు నుంచి చెప్తాను. నాది టెస్లా మోడల్ 3 పర్ఫార్మెన్స్, 11.60 డయల్. మొదటిసారి నా పక్కన 14.60 హోండా ఉంది. మూడు సెకన్లు ఊరికే కూర్చోవాలి. ఇంజన్ శబ్దం లేదు, నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. పక్కన లైట్లు కదిలాయి, హోండా కదిలింది, నా కాలు కూడా కదిలింది! స్లిప్ మీద మైనస్ 2.9 ఏదో వచ్చింది. స్లిప్ ఇచ్చే అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల తిప్పేసుకుంది. మావారు ఇప్పటికీ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర "మనది కాదు, పక్కవాళ్లది" అని గుర్తుచేస్తుంటారు.

కాబట్టి వెనక ఉన్నవాళ్లకి టెన్షన్ లేదనుకోకండి తమ్ముడూ. మీరు కదలడమే మాకు పెద్ద అడ్డంకి.

బాబాయ్ గారు చెప్పని ఒక విషయం: వాతావరణం. ఎండకి గాలి పలచబడితే ఇంజన్ కార్లు నెమ్మదిస్తాయి కదా. రెండు బండ్లూ ఒకే శాతం నెమ్మదించాయనుకోండి. ఒక్క శాతం అంటే నోవాకి 0.10, మీకు 0.15. మధ్యాహ్నం రాసిన 14.90నే సాయంత్రం చల్లబడ్డాక కూడా ఉంచితే బ్రేకౌట్ మీకే ముందు వస్తుంది. నాకు ఆ బాధ తక్కువ, కానీ బ్యాటరీ తగ్గేకొద్దీ టైమ్ మారుతుంది, ప్రతి రౌండ్‌కీ ఒకే చార్జ్ ఉండేలా చూసుకోవాలి.

ఫుట్‌బ్రేక్_బాబాయ్

అమ్మాయి చెప్పింది నిజం. ఎస్-10 రోజుల్లో నేను సాయంత్రం అయ్యేసరికి డయల్ రెండుసార్లు మార్చేవాణ్ణి. క్యామ్రీ అయితే రౌండ్ల మధ్య బానెట్ ఎత్తి ఉంచు తమ్ముడూ, ఏసీ ఆపు. లైన్లో నిలబడ్డప్పుడు చల్లగా ఉందని ఏసీ వేసుకుని, స్టార్ట్‌లో కట్టెయ్యడం మర్చిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ఇర్వింగ్_క్యామ్రీ

ఏసీ మాట ఎవరు చెప్పారు బాబాయ్ మీకు! అదొక్కటి దాచాను.

ఇర్వింగ్_క్యామ్రీ (రెండు వారాల తర్వాత)

శనివారం వెళ్లొచ్చాను. ఏసీ ఆపాను, నీళ్ల గుంట పక్కనుంచి వచ్చాను, మూడు అంగుళాలు లోపలికి పాకించాను. డయల్ 14.94 రాశాను. మొదటి రౌండ్‌లో 12.10 మస్టాంగ్. నా రియాక్షన్ 0.022! టైమ్ 14.96. వాడు నాకంటే ముందే గీత దాటాడు, నేను పోయిందనే అనుకున్నా, తీరా చూస్తే వాడు 12.07, బ్రేకౌట్. గెలుపు లైటు నా వైపు వెలిగింది. కారులో ఒక్కణ్ణే గట్టిగా అరిచాను.

రెండో రౌండ్‌లో మళ్లీ అదే నోవా. ఈసారి పసుపు రాకముందే కాలు దురద పెట్టింది. ఎరుపు, మైనస్ 0.003. స్లిప్ తీసుకున్నాక వాడి అంకె చూశాను: వాడిదీ ఎరుపే, మైనస్ 0.021. గెలుపు లైటు వాడికి. మీటింగ్‌లో అడిగాను బాబాయ్, మీరు చెప్పిన పాత రూలే అన్నారు.

నోవా ఆయన పిట్‌లో నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, ఐస్‌బాక్స్‌లోంచి ఒక కోక్ ఇచ్చాడు. 14.94 ఇంకా తుడవలేదు. గుడి దగ్గర పెద్దాయన మళ్లీ కనిపిస్తే, నలభై డాలర్లు పెంచానని చెప్తా.