డిబ్రీఫింగ్‌కి హాజరు వేయాలా, ఇష్టానికి వదిలేయాలా?

హోస్‌రీల్_విశాఖ (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా అడుగుతున్నా. ప్రాణనష్టం జరిగిన ప్రతి ఘటన తర్వాత 72 గంటల్లోపు ఫైర్, 108, పోలీస్ సిబ్బందిని కూర్చోబెట్టి జరిగినదాని గురించి మాట్లాడించాలి (డిబ్రీఫింగ్ అంటే ఇదే), హాజరు వేయాలి. ఇదీ నా వాదన. ఇష్టమున్నవాళ్లు రండి అంటే ఎవరూ రారు. ముందు చెయ్యెత్తినవాడికి "వీడు తట్టుకోలేడురా" అని పేరు పడిపోద్ది, రిటైరయ్యేదాకా పోదు. అందరూ రావాల్సిందే అంటే ఎవరికి అవసరమో ఎవరికి లేదో బయటికి తెలియదు.

మన విశాఖకి ఇది ఊహ కాదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ పేలుడు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోవడం, అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోవడం, 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో బోట్లు తగలబడడం. బండి తిరిగొస్తే హోస్‌లు (నీళ్ల గొట్టాలు) ఆరబెడతారు, సిలిండర్లు నింపుతారు, రిజిస్టర్‌లో రాస్తారు. మనిషి సంగతికి రిజిస్టరే లేదు.

పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఫైర్, అంబులెన్స్ పని చేసొచ్చిన మిచెల్ అనే అమెరికన్ 1983లోనే మొదలుపెట్టిన పద్ధతికి ఏడు మెట్లు: పరిచయం, జరిగిందేమిటి, అప్పుడేమనుకున్నావు, ఏది ఎక్కువ కలవరపెట్టింది, ఒంట్లో మనసులో మార్పులేమిటి, వాటికేం చేయాలి, మళ్లీ డ్యూటీ ఎలా. గంటన్నర, రెండు గంటల పని. ఎందుకు వద్దో చెప్పండి.

వాల్తేరు_ఓపీ

హోస్‌రీల్ గారూ, మీ బాధలో న్యాయం ఉంది, మందు తప్పు. ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడించే డిబ్రీఫింగ్ మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష (2002) అది పీటీఎస్‌డీని (ఘోరం చూశాక నెలల తరబడి వెంటాడే మానసిక జబ్బుని) ఆపదని తేల్చింది. 1997లో కాలిన గాయాల రోగుల మీద చేసిన ప్రయోగంలో 13 నెలల తర్వాత చూస్తే డిబ్రీఫింగ్ చేసినవాళ్లలో 26 శాతానికి పీటీఎస్‌డీ, చేయనివాళ్లలో 9 శాతానికే. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలైతే దీన్ని చేయొద్దనే రాశాయి.

ఎందుకు బెడిసికొడుతుందంటే, ఒళ్లు ఇంకా అదురుతున్నప్పుడు దృశ్యాన్ని మళ్లీ వివరంగా చెప్పిస్తే జ్ఞాపకం చల్లారదు, గట్టిపడుతుంది. రెండోది గ్రూపు సమస్య. పంపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ ఆపరేటర్ లోపలేమీ చూడలేదు. గదిలో కూర్చుని లోపలికెళ్లినవాడు చెప్పింది వింటే, చూడనిది కూడా ఆ రాత్రి కలలోకి వస్తుంది. మనమే అంటించినట్టు.

ఇంకోటి, మొదటి నెలలో ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం మామూలే, ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. లక్షణాలు నెల దాటి ఉంటేనే పీటీఎస్‌డీ అనే మాట వస్తుంది. మూడో రోజున అందరికీ చికిత్స లాంటిది చేయడం వాపుని చూసి కట్టు కట్టడమే.

పైలట్_గాజువాక

మేడమ్, ఆ కాలిన గాయాలవాళ్లు బాధితులు కదండీ. ఒక్కొక్కళ్లనీ విడిగానో, జంటగానో కూర్చోబెట్టి చేసిన ప్రయోగం అది. మిచెల్ చెప్పింది కలిసి పనిచేసే క్రూకి, గ్రూపుగా. మామిడికాయ పుల్లగా ఉందని మామిడిపండు వద్దంటే ఎలా? 2014లో ఆస్ట్రేలియా వాలంటీర్ ఫైర్ సిబ్బంది మీద గ్రూపు డిబ్రీఫింగ్ ప్రయోగం జరిగింది, అందులో నష్టం కనపడలేదు.

వాల్తేరు_ఓపీ

నిజమే, ఆ తేడా ఒప్పుకోవాల్సిందే. పాత ప్రయోగాలు చాలావరకు క్రూల మీద చేసినవి కావు. ఆ 2014 ప్రయోగంలో తాగుడు తగ్గింది, జీవన నాణ్యత కాస్త మెరుగైంది. పీటీఎస్‌డీ లక్షణాల్లో మాత్రం తేడా రాలేదు. అంటే క్రూ కలిసి కూర్చోవడం మంచిదే కావచ్చు, అది రోగాన్ని ఆపుతుందని హాజరు వేయించడానికి ఆధారం లేదు. నేను వద్దంటున్నది కూర్చోవడాన్ని కాదండీ, నోరు తెరిపించడాన్ని.

పైలట్_గాజువాక

అది సరే. 108 లెక్క వేరే ఉంది, అదీ వినండి. బండిలో ఇద్దరే: వెనక ఈఎంటీ (ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్), ముందు పైలట్, అంటే డ్రైవర్. ఈఎంటీ చేతికి పనుంటుంది, సీపీఆర్, ఆక్సిజన్, గ్లూకోజ్, ఏదో ఒకటి. పైలట్‌కి అన్నీ వినపడతాయి, ఏదీ కనపడదు, చేతులు స్టీరింగ్ మీద. తల్లి ఏడుపు వింటూ ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో హారన్ కొట్టడమే పని. ఏ మీటింగ్ పెట్టినా "డ్రైవర్ కదా, ఎందుకు" అని పైలట్‌ని వదిలేస్తారు. కేజీహెచ్ క్యాజువాలిటీలో పేషెంట్‌ని దించి, హైపోక్లోరైట్‌తో బండి తుడిచి, కేసు క్లోజ్ చేసిన నిమిషంలో ఇంకో కేసు పడుద్ది. 72 గంటల మాట తర్వాత, ముందు 30 నిమిషాలు కొత్త కేసు పడకుండా బండిని ఆఫ్‌లైన్ చేసే అధికారం ఎవరికుందో చెప్పండి. పిల్లల మరణం, కాలిన కేసు, తెలిసినవాళ్ల కేసు. ఈ మూడింటికైనా క్రూ అడక్కుండా కాల్ సెంటరే ఆఫ్‌లైన్ చెయ్యాలి. క్రూ అడగాలి అన్నారంటే అడగరు.

సూర్యాబాగ్_బెంచీ

ఇద్దరూ పట్టించుకోనిది ఒకటుంది. మన దగ్గర డిబ్రీఫింగ్ అంటే ఆఫీసర్ వచ్చి "ఏమైంది, ఎందుకైంది" అని అడగడం. బీఏ సెట్ (పొగలో ఊపిరి కోసం వీపుకి తగిలించుకునే గాలి సెట్) సిలిండర్ 300 బార్ ఒత్తిడికి నింపుతారు, 50–55 బార్ దగ్గర విజిల్ మోగుతుంది, మోగాక వెనక్కి రావాలి. "విజిల్ మోగినా ఎందుకు రాలేదు" అనే ప్రశ్న, "ఏది ఎక్కువ కలవరపెట్టింది" అనే ప్రశ్న ఒకే గదిలో, ఒకే మనిషి నోట వస్తే అది ఎంక్వైరీ. జవాబు కూడా ఎంక్వైరీ జవాబే వస్తుంది: "అంతా బాగానే ఉంది సార్."

పని సమీక్ష వేరే రోజు, వేరే గది. అందులో నీళ్లు, హోస్, రేడియో, ఎంట్రీ టైము తప్ప మనసు మాటే రాకూడదు. దీనికి మాత్రం హాజరు వేయండి, ఎవరూ కాదనరు. చిత్రమేమిటంటే సగం బరువు ఇక్కడే దిగుతుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో బోర్డు మీద వరసగా గీస్తే "నేను రెండు నిమిషాలు ముందెళ్తే బతికేవాడు" అనుకునేవాడికి, కాల్ వచ్చేటప్పటికే ఆలస్యమైందని కళ్లకి కనపడుతుంది. కౌన్సెలర్ వంద సార్లు "నీ తప్పు కాదు" అన్నా రాని నమ్మకం అది.

హోస్‌రీల్_విశాఖ

బెంచీ గారూ, ఇది నేను ఆలోచించలేదు. కానీ హాజరు లేకపోతే ఇష్టం పేరుతో మళ్లీ సున్నాకి వస్తాం. పీర్ సపోర్ట్, అంటే తోటి ఉద్యోగే అండగా నిలబడడం, అని అందరూ అంటారు. ఎవరు, ఎప్పుడు, ఏం అడుగుతారు? అది చెప్పండి.

వాల్తేరు_ఓపీ

చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మనిషిని ఆఫీసర్ ఎంచకూడదు. స్టేషన్‌లో అందరికీ చీటీలిచ్చి "కష్టమొస్తే ఎవరితో చెప్తావు" అని రెండు పేర్లు రాయించండి. ఎక్కువ చీటీల్లో వచ్చిన పేరే పీర్. చాలాసార్లు అది ఎవరూ ఊహించని మనిషవుతుంది, ఎక్కువ మాట్లాడేవాడు అస్సలు కాదు. లీడింగ్ ఫైర్‌మన్ కన్నా పైహోదా వద్దు. షిఫ్టుకి ఇద్దరు. 108లో ఒక ఈఎంటీ, ఒక పైలట్.

శిక్షణ రెండు రోజులు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్సలో మూడే మాటలు: చూడు, విను, కలుపు. కలుపు అంటే డాక్టర్‌తోనో, ఇంటివాళ్లతోనో, సెలవుతోనో కలపడం. సలహాలివ్వడం అందులో లేదు. పీర్లు ఎక్కువగా చెడేది ఇక్కడే, రెండు రోజులు నేర్చుకుని డాక్టరైపోతారు.

ఇక అడగడం. "ఎలా ఉన్నావ్?" అంటే "బాగున్నా", అయిపోయింది. "నిన్న ఎన్ని గంటలకి పడుకున్నావ్? మధ్యలో ఎన్నిసార్లు లేచావ్? అన్నం సయించిందా? ఇంట్లో ఎవరిమీదైనా అరిచావా?" అని అడగాలి. మనవాళ్లు డిప్రెషన్ అనరు. "గుండె దడ", "ఒళ్లు నీరసం", "బుర్ర పని చేయట్లేదు" అంటారు, ఒంటి భాషలో చెప్తారు. ఆ భాషలోనే అడగాలి. అదీ గదిలో కూర్చోబెట్టి కాదు, హోస్ చుడుతూనో, టీ దగ్గరో, పక్కపక్కన నిలబడి. ఎదురెదురు కుర్చీలేస్తే సగం మాట గొంతులోనే ఆగుతుంది.

మొదలెట్టేముందు ఒక మాట తప్పకుండా చెప్పాలి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీకుగానీ ఇంకొకరికిగానీ ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మాత్రం దాచను, ముందు నీకు చెప్పే వెళ్తాను." అనుమానముంటే "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, పక్కనే ఉండి 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయించడం, ప్రమాదం దగ్గరగా ఉంటే నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లడం.

రోజులు: ఘటన ముగిసిన గంటలో తిండి, స్నానం, బట్టలు మార్చడం, ఇంటికి ఫోను, బైక్ మీద ఒంటరిగా పంపకపోవడం. మూడో రోజు ఒక పలకరింపు. రెండో వారంలో ఇంకోటి. 30వ రోజు పీసీఎల్-5 అనే పీటీఎస్‌డీ లక్షణాల కాగితం: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31–33 దాటితే నిపుణుడు చూడాలి. అది నిర్ధారణ కాదు, వడపోత. ఆ కాగితం స్టేషన్ ఆఫీసర్ టేబుల్ మీదికి వెళ్లిందా, రెండోసారి అందరూ సున్నాలే పెడతారు.

పీర్ కూడా అదే ఘటనకి వెళ్లుంటే ఆ ఘటనకి అతను పీర్ కాదు, వేరే స్టేషన్ నుంచి పిలవాలి. నెలకొకసారి పీర్లందరూ సైకాలజిస్టు దగ్గర గంట కూర్చోకపోతే ఏడాదిలో వాళ్లే పేషెంట్లవుతారు.

హార్బర్_గేటు

వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైబర్ బోటుకి పాలియెస్టర్ రెజిన్ పూస్తుంటే వచ్చే ఆ తియ్యటి ఘాటు వాసన స్టైరీన్‌దే. వెంకటాపురం డ్యూటీ చేసినవాడిని మూడేళ్ల తర్వాత హార్బర్‌కి పంపితే, అక్కడ బోటు రిపేర్ చేస్తున్న చోట కాళ్లు వణికితే వాడికి పిచ్చి కాదు, ముక్కు గుర్తుపట్టింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్తే చాలామందికి సగం భయం పోద్ది. ఇది అందరికీ చెప్పొచ్చు కదా, దీనికి నోరు తెరిపించక్కర్లేదు.

ఇంకో మాట, తప్పనిసరి అంటున్నారు సరే, బీచ్‌లో శవాలు తీసే గజ ఈతగాళ్లు ఏ రోల్స్‌లో (ఉద్యోగుల జాబితాలో) ఉన్నారని? హాజరు వేసే రిజిస్టర్‌లో వాళ్ల పేరే లేదు.

సూర్యాబాగ్_బెంచీ

గేటు అన్నది నిజం. రోల్స్‌లో ఉన్నవాళ్లకీ వేరే భయం ఉంది, ఎస్ఆర్‌లో (సర్వీస్ రిజిస్టర్‌లో) ఎక్కుతుందేమోనని. అవుట్‌సోర్సింగ్ వాళ్లకైతే కాంట్రాక్ట్ రెన్యూ కాదేమోనని. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 23 గోప్యతని హక్కు చేసింది, ఇన్సూరెన్స్‌లో శారీరక జబ్బుతో సమానంగా చూడాలని సెక్షన్ 21 చెప్తోంది. చట్టం గోడ మీద అంటిస్తే సరిపోదు. పీర్ దగ్గర పేర్లు రాయకూడదు, "ఈ నెల ఆరు పలకరింపులు" అని అంకె మాత్రమే పైకి వెళ్లాలి.

మాత్రల సంగతి కూడా. నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో ఆల్ప్రజోలమ్ తెచ్చుకునేవాళ్లున్నారు. ఆ వారం నిద్రపోతారు, తర్వాత అది లేకుండా పోరు. పీటీఎస్‌డీని ఆపడానికి ఆ జాతి మందులు ఇవ్వొద్దనే వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. పెగ్గు కలిస్తే మరీ ప్రమాదం, ఊపిరే మందగిస్తుంది.

హోస్‌రీల్_విశాఖ

సరే, నా మాట మార్చుకుంటున్నా, పూర్తిగా కాదు. మాట్లాడడం ఇష్టం. హాజరు మాత్రం మూడింటికి: పని సమీక్ష, వాసన-నిద్ర-మందుల గురించి ఇరవై నిమిషాల చెప్పడం, 30వ రోజు కాగితం. కాగితం ఖాళీగా ఇచ్చినా పర్లేదు, గదిలోకి అందరూ రావాలి. అప్పుడే ఎవరు రాశారో ఎవరు రాయలేదో తెలియదు.

వాల్తేరు_ఓపీ

ఖాళీ కాగితం ఒప్పుకున్నారు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కాగితాలు వేసే డబ్బాకి తాళం ఉండాలి, తాళంచెవి డిపార్ట్‌మెంట్ బయటివాళ్ల దగ్గర ఉండాలి.

పైలట్_గాజువాక

30వ రోజుకి సగంమంది వేరే లొకేషన్‌కి మారిపోతారండీ. ఘటన రోజు ఎవరెవరు బండి మీద ఉన్నారో లిస్టు ఆ రోజే తీసి, స్టేషన్ పేరుతో కాకుండా మనిషి ఫోన్ నంబరుతో పెట్టండి. రిలీవర్‌గా వచ్చి ఆ ఒక్క షిఫ్టు చేసి వెళ్లినవాడు ప్రతిసారీ తప్పిపోయేది అక్కడే.