మోటర్‌హోమ్ ఏసీ సల్లగ వస్తలేదు, గ్యాస్ ఎవరు నింపుతరు?

హన్మకొండ, ఇప్పుడు డల్లాస్:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నక్కలగుట్ట. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైతుంది. సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ (ఇల్లు లెక్క ఉండే బండి) తీసుకున్నం, 30 ఆంపుల కనెక్షన్, నెత్తి మీద ఒక్కటే ఏసీ, సల్లబరిచే బలం 13,500 బీటీయూ. పగటి పూట ఎంతసేపు నడిచినా లోపల 88 ఫారెన్‌హీట్ కంటె కిందికి దిగుతలేదు. నడుమ నడుమ కంప్రెసర్ బందైతది, కొంచెం సేపటికి మళ్ల షురూ అయితది. గ్యాస్ తగ్గినట్టుంది. ఇక్కడ గ్యాస్ నింపేటోళ్లు ఎవరన్న తెలిస్తే చెప్పండ్రి, ఎంత తీసుకుంటరో కూడ.

కాజీపేట, ఇప్పుడు ఫీనిక్స్:

తమ్మీ, గ్యాస్ మాట పక్కకు పెట్టు. మన ఇండ్లల్ల స్ప్లిట్ ఏసీకి లోపలి డబ్బా వేరు, బయటి డబ్బా వేరు. రెండిటి నడుమ రాగి పైపు, ఆ పైపు కొసలకు నట్లు. ఆ నట్ల కాడ మెల్లగ లీకైతది. అందుకే మన దిక్కు ఎండలు ముదరంగనే "గ్యాస్ కొట్టియ్యి" అనే మాట వస్తది. మోటర్‌హోమ్ నెత్తి మీదిది అట్లాంటిది కాదు. కంప్రెసరు, రెండు కాయిళ్లు (ఒకటి లోపల సల్లబరిచేది, ఇంకోటి వేడిని బయటికి పంపేది), పైపులు అన్నీ ఒకే పెట్టెల ఉంటయి, ఫ్యాక్టరీలనే అతికి మూసేస్తరు. ఇంట్ల ఫ్రిజ్ ఎట్లనో ఇదీ గట్లనే. చాన వాటికి గ్యాస్ ఎక్కించే వాల్వే ఉండది. పైగ ఇక్కడ గ్యాస్ ముట్టాలంటే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) 608 సర్టిఫికెట్ ఉండాలె. ఎవడన్న వచ్చి పైపుకు పొక్క పొడిచి వాల్వ్ పెడ్త అంటే వద్దని పంపియ్యి, ఆ పొక్క కాడనే రేపు లీకైతది. నిజంగ కాయిల్ పగిలి గ్యాస్ పోయిందంటే పెట్టె మొత్తం మార్చుడే అగ్గువ పడ్తది.

ముందుగాల గాలి చూడు. లోపల సీలింగ్ జాలి తీస్తే ఫిల్టర్ ఉంటది. ఎండకాలం రెండు వారాలకొకసారి గోరువెచ్చటి నీళ్లల్ల సబ్బు వేసి కడుగు, పూర్తిగ ఆరినంకనే పెట్టు. ఫిల్టర్ తీసినప్పుడు లోపలి కాయిల్ మీద దుమ్ము పొర కనబడితే మెత్తటి బ్రష్‌తోని రేకులు ఎటు నిలవడ్డయో అటే గీకు. అడ్డం గీకితే రేకులు వంగుతయి.

తర్వాత లెక్క తియ్యి. వంటింట్ల వాడే థర్మామీటర్లు రెండు తీస్కో. ఫ్యాన్ హై మీద పెట్టి అరగంట నడవనియ్యి. ఒకటి గాలి గుంజుకునే జాలి కాడ, ఇంకోటి దానికి దగ్గరున్న సల్లగాలి పొక్క కాడ పెట్టు. రెండిటికి తేడా 16 నుంచి 22 ఫారెన్‌హీట్ దాంక ఉంటే మెషీన్ మంచిగున్నది. మన సెల్సియస్ లెక్కల 9 నుంచి 12 డిగ్రీలన్నట్టు. అంతకంటే తక్కువొస్తే అప్పుడు కింద చెప్పేది చూడు.

"బందై మళ్ల షురూ అయితది" అన్నవు గద, నా అనుమానం అడ్డుగోడ మీదనే. సీలింగ్ డబ్బా దించితే పైకప్పుల 14 అంగుళాల చదరం పొక్క కనబడ్తది. దాని నడుమ రేకుదో ఫోముదో ఒక అడ్డుగోడ. ఒకదిక్కు గదిల గాలి పైకి పోతది, ఇంకోదిక్కు సల్లగాలి కిందికి దిగుతది. పాత బండ్లల్ల ఈ గోడ అంచు టేపు ఎండి ఊసిపోతది. వేలు పట్టేంత సందు చాలు, సల్లగాలి గదిలకు రాకముందే మళ్ల పైకి గుంజుకుపోతది. అప్పటికే సల్లగైన గాలి తిరిగి కాయిల్ మీదికొస్తే కాయిల్ గడ్డకడ్తది. మంచు కట్టకుండ చూసే సెన్సర్ కంప్రెసర్‌ను ఆపుతది. గది ఉడుకుతనే ఉంటది, మెషీన్ మాత్రం పని అయిపోయిందనుకుంటది.

చూసే తీరు ఇది. మెయిన్ పవర్ తీసి జాలి విప్పు, వైర్లు ఏవీ బయట తేలకుండ చూసుకో, అప్పుడు పవర్ ఇచ్చి ఫ్యాన్ ఒక్కటే నడిపియ్యి. ఒక అగర్‌బత్తి ముట్టించి గోడ అంచు పొంటి మెల్లగ జరుపు. ఏడ పొగ పక్కకు గుంజుకుంటే ఆడ సందున్నట్టు. పవర్ తీసి, ఆ జాగ తుడిచి, అల్యూమినియం రేకు టేపు అంటియ్యి. గుడ్డ లెక్కుండే బూడిదరంగు టేపు వాడకు, వేడికి దాని జిగురు ఎండి రెండు నెలలల్ల ఊసొస్తది.

పరకాల, ఇప్పుడు హ్యూస్టన్:

అన్న గాలి గురించి చెప్పింది నిజమే. కానీ కరెంటు చూడకుండ అగర్‌బత్తిల దాంక పోవుడేంది? ముందు వోల్టేజ్ చూడాలె.

తమ్ముడూ, 30 ఆంపులంటే 120 వోల్టులతోని 3,600 వాట్లు. అంతే, ఇంకేం మిగలది. నీ ఏసీ నడిచేటప్పుడు 12 నుంచి 14 ఆంపులు తాగుతది. మైక్రోవేవ్ ఇంకో 12, 13. కరెంటు గీజర్ ఉంటే అదో 12. మూడు ఒక్కసారి పెడితే బ్రేకర్ పడ్తది, పడకపోయినా ప్లగ్గు ఉడుకుతది. గీజర్ గ్యాస్ మీద పెట్టుకో, మైక్రోవేవ్ పెట్టినంతసేపు ఏసీ ఆపుకో. ఆపినంక మూడు నిమిషాలన్న ఆగి మళ్ల వెయ్యి, లోపలి ప్రెషర్ రెండుదిక్కుల సమానం కాకముందే వేస్తే కంప్రెసర్ మొరాయిస్తది.

వోల్టేజ్ మీటర్ పెట్టి లోపలి సాకెట్ల చూడు, ఏసీ నడుస్తుండంగ చూడు. ఏసీ బందున్నప్పుడు 119 కనబడి, వెయ్యంగనే 106కు పడిపోవచ్చు. 108 కంటే తక్కువైతే జాగ్రత్త పడు, 105 కిందికి దిగితే ఏసీ ఆపెయ్యి. తక్కువ వోల్టేజ్‌ల మోటరు అదే పని చేయనీకె ఎక్కువ ఆంపులు గుంజుతది, చుట్టలు ఉడికి వార్నిష్ మాడ్తది. ఊర్లల్ల బాయికాడ మోటర్లు కాలిపోయేది దేనికో, ఇక్కడ కంప్రెసర్ పోయేది కూడ దానికే.

ప్లగ్గు పుల్లలు చూడు. గోధుమరంగు మచ్చ, ప్లాస్టిక్ కరిగిన ఆనవాలు ఉంటే ప్లగ్గు మార్చు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే 10 గేజ్‌ది (మందం వైరు), 25 అడుగుల కంటే పొడుగు వద్దు. ఇంట్ల తోటపనికి వాడే సన్న వైరు మీద ఏసీ నడపకు. ఇంకోటి, సర్జ్ ప్రొటెక్టర్ అంటే ఒక్కసారిగ ఎగిరే వోల్టేజ్‌కు అడ్డం నిలబడేది మాత్రమే, తక్కువ వోల్టేజ్‌ను అది ఆపది. తక్కువైనప్పుడు తనంతట తనే కట్ చేసేదాన్ని ఈఎంఎస్ అంటరు. కొంటే అదే కొను.

జనగామ, ఇప్పుడు ఆస్టిన్:

వోల్టేజ్ మాటొచ్చింది కాబట్టి పార్కు (మోటర్‌హోమ్‌లు కిరాయికి నిలిపే జాగ) ఆఫీసుల సంగతి చెప్తా. తమ్ముడు అడగలేదు గనీ అడగాల్సింది ఇదే. మన దిక్కు పిలగాడొకడు జూలైల నెల కిరాయికి ఒక పార్కుల బండి పెట్టిండు. పొద్దుగాల ఏసీ మంచిగనే, మధ్యాహ్నం మూడైతే చాలు గుర్ర్ అనుకుంట ఆగుడు. ఆఫీసుకు పోతే "మీ ఏసీ పాతది, మార్చుకోండి" అన్నరు. మెకానిక్‌ను పిలిస్తే వాడు ఏ తప్పు పట్టలే, వచ్చినందుకు పైసలు తీసుకొని పోయిండు. అప్పుడు పిలగాడు రెండు రోజులు గంటగంటకు వోల్టేజ్ మీటర్ చూసి రాసిండు. పొద్దున 7కు 118. పదకొండుకు 112. సాయంత్రం 4కు 103. ప్రతిసారీ మీటర్, కరెంటు పెట్టె మీది నంబర్ రెండు ఒకే ఫొటోల పడేటట్టు తీసిండు. పక్క బండాయన పెట్టెల కూడ అదే 103. ఒకే లైను మీద బండ్లన్నిటి ఏసీలు ఒక్కసారి నడిస్తే కొసకున్నోనికి మిగిలేది గంతే. ఆ కాగితం ఈమెయిల్ చేసినంకనే ఆఫీసు కదిలింది, ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర జాగ ఇచ్చిండ్రు. ఆడ 4 గంటలకు 114. జాగ మారినందుకు మళ్ల ఫీజు అడిగిండ్రు. తక్కువ వోల్టేజ్ అని పిలగాడు ముందు రాసి పంపిన ఈమెయిల్ చూపెడితే ఆ ఫీజు తీసేసిండ్రు.

అందుకే ఫోన్ల మాట్లాడకు, ఈమెయిల్ చెయ్యి. చేరిన రోజే కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసి పెట్టుకో, నెల కిరాయిలకు కరెంటు బిల్లు వేరే వస్తది. అడ్వాన్స్ కట్టకముందే సాయంత్రం నాలుగింటికి పోయి ఆ పెట్టెల వోల్టేజ్ కొలిచి చూడు.

పరకాల, ఇప్పుడు హ్యూస్టన్:

జనగామ అన్న మంచిగ చెప్పిండు. తమ్ముడూ, కంప్రెసర్‌ను మెల్లగ లేపే సాఫ్ట్ స్టార్టర్ కూడ ఒకటి పెట్టిచ్చుకో.

కాజీపేట, ఇప్పుడు ఫీనిక్స్:

చెల్లె, సాఫ్ట్ స్టార్టర్‌తోని గది సల్లగ కాదు. కంప్రెసర్ లేచే ఆ క్షణంల 50, 60 ఆంపుల దాంక గుంజుతది. దాన్ని సగానికంటె తగ్గిస్తది, అంతే. లేచినంక అదే 13 ఆంపులు. చిన్న జనరేటర్ మీద నడిపేటోళ్లకు పనికొస్తది, పిల్లగానికి ఇప్పుడు పైసలు దండగ.

పరకాల, ఇప్పుడు హ్యూస్టన్:

నడిచే ఆంపులు తగ్గుతయని నేననలేదు అన్నా. కొసన ఉన్న లైను మీద ప్రతిసారి లేచేటప్పుడు వోల్టేజ్ కుంగుతది, ఆ కుంగుడుకే కంప్రెసర్ లేవక గుర్ర్ అంటది. అది తగ్గుతదని అన్న.

కాజీపేట, ఇప్పుడు ఫీనిక్స్:

లేవక గుర్ర్ అని బ్రేకర్ పడితే నేనైతే ముందు కెపాసిటర్ (కంప్రెసర్ లేవనీకె ఊపు ఇచ్చే భాగం) చూస్త. నెత్తి మీద ప్లాస్టిక్ మూత విప్పితే పక్కన కరెంటు డబ్బాల ఉంటది. పార్కు ప్లగ్గు తియ్యాలె, జనరేటర్, ఇన్వర్టర్ రెండూ బంద్ పెట్టాలె, బ్రేకర్ ఆపినం గదా అని ఊకోవద్దు. వైర్లు తియ్యకముందే ఫొటో తీస్కో. కెపాసిటర్ మూత ఉబ్బినా, నూనె కారినా మార్చుడే. మీటర్‌ల మైక్రోఫారడ్ (కెపాసిటర్ కొలత) చూడు. డబ్బా మీద 40 అని, 6 శాతం అటిటు అని ఉంటే 37.6 నుంచి 42.4 నడుమ రావాలె. 370 వోల్టులదాని జాగల 440 వోల్టులది పెట్టొచ్చు, తక్కువది పెట్టొద్దు. మైక్రోఫారడ్ మాత్రం అదే ఉండాలె. ముట్టకముందు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి అందుల ఉన్న కరెంటు దించు.

పరకాల, ఇప్పుడు హ్యూస్టన్:

స్క్రూడ్రైవర్ వద్దన్నా, కొత్తోనికి అట్ల చెప్పకు. నిప్పురవ్వ కండ్లల్ల పడ్తది, కెపాసిటర్ కూడ పాడైతది. 20,000 ఓముల రెసిస్టర్, 5 వాట్లది, పట్టకారతోని రెండు పుల్లల నడుమ ఐదారు సెకన్లు పట్టి, తర్వాత మీటర్‌తోని సున్నా చూసి ముట్టాలె.

కాజీపేట, ఇప్పుడు ఫీనిక్స్:

సరే చెల్లె, రెసిస్టరే మంచిది. తమ్మీ, అక్క చెప్పినట్టు చెయ్యి.

నర్సంపేట, ఇప్పుడు టాంపా:

మీరిద్దరు కరెంటు కాడనే ఆగిండ్రు. నెత్తి మీద బయటి కాయిల్ ఎవ్వలన్న చెప్పిండ్రా? మూత తీసి చూస్తే చెత్త, దూది, కందిరీగల మట్టిగూళ్లు ఉంటయి. వేడి బయటికి పోకుంటే లోపల సల్లగ ఏడిది? గూళ్లు చేత్తోని తియ్యి, వంగిన రేకులను దువ్వెనలాంటి పనిముట్టు ఉంటది, దానితోని సక్కగ చెయ్యి. కరెంటు డబ్బా, ఫ్యాన్ మోటర్ మీద ప్లాస్టిక్ కప్పి, కాయిల్ క్లీనర్ నురుగు కొట్టి పది నిమిషాలు ఆగి, తోట పైపు నీళ్లు మెల్లగ లోపలి నుంచి బయటికి పొయ్యి. ప్రెషర్ వాషర్ పెడితే రేకులన్నీ పడుకుంటయి. తడి కప్పు ఎక్కకు. మూత స్క్రూలు ఎక్కువ బిగియ్యకు, ఎండకు పెళుసైన ప్లాస్టిక్ పగుల్తది.

లోపల నీళ్లు కారుతుంటే రెండే కారణాలు చూడు. ఒకటి, అడుగు పళ్లెంల నీళ్లు పోయే పొక్కలు మట్టితోని మూసుకపోవుడు. రెండోది, పెట్టె కింద ఫోము గాస్కెట్ కుంగుడు. సీలింగ్ నుంచి నాలుగు పొడుగు బోల్టులు దాన్ని గుంజి పట్టుకుంటయి. అంగుళం మందం గాస్కెట్ అర అంగుళానికి నొక్కుకపోవాలె, నాలుగు మూలల సమానంగ, ఒక్కొక్కటి కొంచెం కొంచెం తిప్పుకుంట. ఎక్కువ బిగిస్తే గాస్కెట్ నలిగి అదే లీకైతది. పక్కల సిలికాన్ మాత్రం పుయ్యకు. నీళ్లు ఆడ నిలిచి కప్పు చెక్క కుళ్లుతది.

మా దిక్కు ఉక్కపోత ఎక్కువ కాబట్టి ఇంకో మాట. ఫ్యాన్ ఎప్పుడూ ఆటోలనే పెట్టు. ఆన్‌ల పెడితే కంప్రెసర్ ఆగినంక కూడ ఫ్యాన్ తిరిగి, కాయిల్ మీది నీటిని మళ్ల గదిలకు ఆవిరి చేసి పంపుతది.

హన్మకొండ, ఇప్పుడు డల్లాస్:

అందరికీ దండాలు. ఇయ్యాల కొలిచిన. ఏసీ నడుస్తుండంగ వోల్టేజ్ సాయంత్రం 4కు 113. గుంజుకునే కాడ 86, సల్లగాలి కాడ 76, తేడా పదే. ఫిల్టర్ కడిగితే 12 అయింది. సీలింగ్ డబ్బా విప్పితే అడ్డుగోడ టేపు ఒక అంచంత ఊసి వేలాడుతుంది, అగర్‌బత్తి పొగ సీదా లోపలికే పోయింది. రేకు టేపు రెండు వరుసలు అంటించిన. ఇప్పుడు 84, 65. కంప్రెసర్ రెండు గంటల సంది ఆగలే. ఇంకేమన్న చూడాల్నా? వచ్చే నెల పెద్దనాయన కొడుకు ఇంటికాడ పెడ్త, ఎలక్ట్రీషియన్ 30 ఆంపుల సాకెట్ పెడ్త అంటున్నడు.

కాజీపేట, ఇప్పుడు ఫీనిక్స్:

19 వచ్చింది గద, ఇగ మెషీన్‌ను ముట్టకు. మిగిలింది ఎండ. ముందటి పెద్ద అద్దానికి బయటినుంచి మెరిసే గుడ్డ కట్టు, కప్పు మీది గాలి పొక్కలల్ల ఫోము దిండ్లు దోపు, బండి ముఖం ఉత్తరం దిక్కు పెట్టు. పొద్దున 8కే ఏసీ వెయ్యి. మధ్యాహ్నం దాంక ఉడికిన గోడలను 13,500 బీటీయూ సల్లబరచలేదు.

పరకాల, ఇప్పుడు హ్యూస్టన్:

ఆ సాకెట్ కాడ జాగ్రత్త తమ్ముడూ. మోటర్‌హోమ్ 30 ఆంపుల సాకెట్ పేరు టీటీ-30, అది 120 వోల్టులది: ఒక ఫేజు, ఒక న్యూట్రల్, ఒక ఎర్తు. మూడు పొక్కలు, 30 ఆంపులు అనంగనే ఇండ్ల ఎలక్ట్రీషియన్ బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ సాకెట్ అనుకొని 240 ఇచ్చేస్తడు. అప్పుడు ఏసీ, మైక్రోవేవ్, బ్యాటరీ చార్జర్ అన్నీ ఒక్క సెకనుల పోతయి. ఆయన పని అయిపోయినంక నువ్వే మీటర్ పెట్టి చూడు. ఫేజుకు న్యూట్రల్‌కు 120, ఫేజుకు ఎర్తుకు 120, న్యూట్రల్‌కు ఎర్తుకు సున్నా దగ్గర రావాలె. 240 కనబడితే ప్లగ్గు చేతిల్నే పట్టుకొని ఆయన్ను మళ్ల పిలువు.