గుండుసూదులకి తుప్పు పట్టింది, దిండు లోపల ఏం కూరాలి?

దారపుండ:
కుట్టడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. కత్తిరించగా మిగిలిన ముక్కలు పారేయబుద్ధి కాక ఒక సంచిలో కుక్కుతూ వచ్చాను, ఇప్పుడా సంచి నాకంటే లావుగా ఉంది. అందులోంచి తీసి పిన్ కుషన్ (పిన్నులు గుచ్చి పెట్టుకునే చిన్న దిండు) ఒకటి కుట్టాను. పైన పువ్వుల కాటన్, లోపల సన్నగా కత్తిరించిన కాటన్ పేలికలు, కాస్త దూది. ముచ్చటగానే వచ్చింది. రెండు నెలలయ్యాక నిన్న తెల్లగుడ్డకి పిన్నులు పెట్టి తీస్తే, పిన్ను దిగిన ప్రతిచోటా ఆవగింజంత గోధుమరంగు మచ్చ! ఉతికినా పోలేదు. లోపల ఏం నింపాలో చెప్పండి. అలాగే ఈ ముక్కలతో ఇంకేం చేసుకోవచ్చు? బొంతలూ బ్యాగులూ వద్దు, కుట్టేటప్పుడు చేతికి పనికొచ్చేవే కావాలి.

ఉన్నిబంతి:
దొంగ ఆ దూదే. కాటన్ గాల్లో చెమ్మ పీల్చుకుని లోపల దాచుకుంటుంది, పిన్నులేమో రాత్రీ పగలూ అందులోనే ఉంటాయి. ఎక్కువ శుద్ధి చేయని గొర్రె ఉన్ని దొరికితే దాన్ని మించింది లేదు, అందులో మిగిలే జిడ్డు (లానొలిన్ అంటారు) సూదికి పల్చగా అంటుకుని తుప్పు రానివ్వదు. పాత స్వెట్టర్ ముక్కల్లో ఆ జిడ్డు పెద్దగా ఉండదు. ఉన్ని లేకపోతే పాత దిండులోని పాలిస్టర్ ఫైబర్ పెట్టండి, అది నీళ్లు తాగదు. ఏది పెట్టినా ఇక చాలు అనిపించాక ఇంకో రెండు గుప్పెళ్లు కూరండి, లేకపోతే నెలకే చప్పబడిపోతుంది. అడుగున ఒక అట్టముక్క వేయండి. నేను వేయకుండా మణికట్టుకి కట్టుకునేది కుట్టి, మొదటి పిన్ను నేరుగా నా చేతిలోకే దించుకున్నాను :)

తుప్పు పట్టినవాటిలో గరుకు తేలిన పిన్నులు పారేయండి, దాచుకోకండి. కొన్న టమాటా ఆకారపు పిన్ కుషన్లకి చిన్న స్ట్రాబెర్రీ వేలాడుతుంది చూశారా, అందులో ఉండేది ఎమెరీ పొడి (గరుకైన రాతి పొడి). సూదిని నాలుగుసార్లు గుచ్చి తీస్తే మొన పదునెక్కుతుంది. అందులో గుచ్చి వదిలేయకూడదు.

కుట్టువిప్పేవాణ్ణి:
నన్నడిగితే ముందు చేయాల్సింది ఇస్త్రీ దిండు. టైలర్స్ హ్యామ్ అంటారు, పెద్ద గుడ్డు ఆకారంలో ఉంటుంది. డార్టులు (గుడ్డ ఒంటికి అమరేలా కోణంగా మడిచి వేసే కుట్లు), చంక దగ్గరి వంపు కుట్లు బల్లమీద పరిచి ఇస్త్రీ చేస్తే వంపు చచ్చి చదునైపోతుంది, అదే దీనిమీద వేసి చేస్తే ఒంటి ఆకారంలో కూర్చుంటుంది. సుమారు 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, ఒక కొన సన్నగా ఉండేలా రెండు ముక్కలు కత్తిరించండి. ఒకవైపు మందపాటి కాటన్, రెండోవైపు ఉన్ని గుడ్డ. అంచుల్లో నాలుగైదు చిన్న డార్టులు వేస్తేనే ఉబ్బుతుంది. చుట్టూ రెండుసార్లు కుట్టండి, ఎందుకంటే లోపల రంపపు పొట్టు చెంచాతో కొట్టి కొట్టి నింపాలి, ఒంటికుట్టు పటుక్కున తెగుతుంది (నాకు తెగింది, గదంతా పొట్టే). బొటనవేలితో నొక్కితే దిగకూడదు, అంత గట్టిగా ఉండాలి.

పొట్టు బాగా ఎండినదేనా అని చూసుకోండి. పొట్టు వద్దనుకుంటే మీ సంచిలోని కాటన్ పేలికలనే చిన్నచిన్నగా కత్తిరించి కూరవచ్చు, ఇక్కడ పిన్నుల గొడవ లేదు కదా.

వాషర్లపెట్టె:
కాగితం ప్యాటర్న్ (గుడ్డ మీద పరిచి దాని ప్రకారం కత్తిరించే నమూనా) కదలకుండా పెట్టే బరువులు చేసుకోండి. 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ముక్కని సగానికి మడిచి, మడతకి ఎదురుగా ఉన్న అంచు, ఒక పక్క అంచు కుట్టి తిరగేయండి. తెరిచి ఉన్న అంచుని అడ్డంగా తిప్పి, ఎదురంచు కుట్టు వచ్చి మడత మీద పడేలా పట్టుకుని మూస్తే పిరమిడ్ వస్తుంది. మూసేముందు లోపల ఇనప వాషర్లు వేయండి. బియ్యం మాత్రం వద్దు. నేను పోశాను, కొన్నాళ్లకి బరువులు వాటంతటవే కదులుతున్నాయేమిటా అని చూస్తే పురుగులు.

దారపుండ:
అందరికీ థాంక్స్! ఇస్త్రీ దిండు పైకి శాటిన్ ముక్క వాడొచ్చా? మెరుస్తూ బాగుంటుంది.

కుట్టువిప్పేవాణ్ణి:
వద్దండీ. శాటిన్ ఎక్కువగా పాలిస్టరే, వేడి ఇస్త్రీకి కరిగి అడుక్కి అంటుకుంటుంది. ముక్క ఏదో తెలియకపోతే రెండు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, బూడిద. పాలిస్టర్ అయితే గట్టి పూసలా ముద్దకడుతుంది.

దారపుండ:
దిండు అయింది! బొటనవేలు దిగట్లేదు. కానీ పొట్టు నింపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలని ఎవరూ చెప్పలేదేం? పొద్దుట్నుంచీ తుమ్ముతూనే ఉన్నాను.