ట్రాక్ మీద నాలుగో రౌండ్‌కే బ్రేక్ లోపలికి పోయింది, 80 వేలు ఉన్నాయి, ముందు ఏం మార్చాలి?

బెజవాడ స్విఫ్ట్:

అందరికీ నమస్తే. నాది 2013 స్విఫ్ట్ పెట్రోల్ వీఎక్స్ఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డే (రేసు ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజు) ఉందంటే విజయవాడ నుంచి రాత్రికి రాత్రి నేను, మా ఫ్రెండ్ బండేసుకుని వెళ్ళిపోయాం. మొదటి మూడు రౌండ్లు చెప్పలేనంత బాగున్నాయి. నాలుగో రౌండ్‌లో స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ తడిసిన స్పాంజిలా మెత్తగా లోపలికి వెళ్ళిపోయింది. కంగారుగా రెండు మూడు సార్లు కొడితే అప్పుడు కాస్త పట్టింది, ఈలోపు కారు రోడ్డు దాటి మట్టిలోకి పోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ పావుగంటసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

పిట్‌లోకి వచ్చాక ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. గంట ఆగితే పెడల్ కొంచెం గట్టిపడింది. అదే బండిలో ఇంటికొచ్చాం (తిట్టకండి, మా ఇంట్లో ఆల్రెడీ ఆ పని అయిపోయింది).

ఇంకో రెండు విషయాలు. ఫోన్‌కి ఓబీడీ (కారు కంప్యూటర్ అంకెలు చూపించే ప్లగ్) పెట్టుకుని చూస్తే మూడో రౌండ్‌లో కూలెంట్ టెంపరేచర్ 110 దాటింది. ఇక్కడ ఆటోనగర్‌లో ఒకాయన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) పీకేస్తే సరిపోతుంది అంటున్నాడు. రెండోది, గట్టిగా బ్రేక్ వేస్తే బండి కొంచెం ఎడమకి లాగుతుంది, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా తగ్గలేదు.

నా దగ్గర 80 వేలు ఉన్నాయి. సైలెన్సర్, ఇంటేక్ (ఇంజిన్‌కి గాలి వెళ్ళే గొట్టం), రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్), పెద్ద బ్రేక్ డిస్కులు, ఇదీ నేను రాసుకున్న లిస్టు. మా ఫ్రెండ్ అయితే 87 గుర్రాలతో ఏం రేసురా, ముందు పవర్ పెంచు అంటాడు. ఏది ముందు చేయమంటారు?

పాత పిట్ మెకానిక్:

తమ్ముడూ, ఆగని బండికి పవర్ పెంచి ఎక్కడికి పోతావ్? ముందు ఆ లిస్టు చించెయ్.

నీకు జరిగింది బ్రేక్ ఆయిల్ మరిగిపోవడం. మనవాళ్ళు దాన్ని ఆయిల్ అంటారు గానీ అది నూనె కాదు, గాల్లో తేమని పీల్చుకునే ద్రవం. డాట్ అని రాసుండేది దాని గ్రేడు. కొత్త డాట్ 3 అయితే 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు పీల్చుకున్నాక అదే 140కి మరుగుతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తడిసింది 155. మరిగితే లోపల ఆవిరి బుడగలు, బుడగని నొక్కితే నలుగుతుంది గానీ బ్రేక్‌కి ఒత్తిడి చేరదు, అందుకే నీ పెడల్ మెత్తగా పోయింది. అదే పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే అది ప్యాడ్ల (డిస్కుని రెండువైపులా పట్టే బ్రేక్ ముక్కల) వేడి, వేరే జబ్బు. కాలిన వాసన కూడా వచ్చిందంటున్నావు కాబట్టి ప్యాడ్లూ అయిపోయే ఉంటాయి.

రోడ్డు మీద బాగానే ఉంది కదా అంటావేమో. లెక్క వేసుకో. వేడి స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. ఊళ్ళో 60 నుంచి ఆపడం 3600 (60×60) అనుకుంటే, ట్రాక్‌లో 140 నుంచి 70కి తేవడం 14,700 (140×140లోంచి 70×70 తీసేస్తే). అంటే ఆపకుండా, ఊరికే స్పీడ్ తగ్గించినందుకే నాలుగు రెట్ల వేడి, మళ్ళీ అర నిమిషంలో ఇంకో మలుపు. డిస్కు చల్లబడటానికి టైమ్ ఎక్కడిది?

మూడు ప్రశ్నలకి జవాబు చెప్పు. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ సమానంగా అరిగాయా? కుడివైపు కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) ఎవరైనా విప్పి చూశారా? ఎడమకి లాగుతోందంటే అలైన్‌మెంట్ కాకపోవచ్చు, కుడి పక్క పట్టట్లేదేమో అని నా అనుమానం. చక్రాలు విప్పి ఫోటోలు పెట్టు, అప్పటిదాకా రూపాయి ఖర్చుపెట్టకు.

థర్మోస్టాట్ మాత్రం పీకించకు. అది తీసేస్తే హైవే మీద ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ట్రాక్ మీద వేడి వచ్చేది రేడియేటర్ చాలక, థర్మోస్టాట్ అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. పీకేసినా నీకు ఒరిగేదేం లేదు.

గచ్చిబౌలి పోలో:

పైన అన్న చెప్పింది కరెక్టే, నేను మాత్రం టైర్లకి ఓటేస్తా. వీఎక్స్ఐకి వచ్చే 165/80 ఆర్14 టైర్ సన్నగా, గోడ ఎత్తుగా ఉంటుంది, మలుపులో పక్కకి వాలిపోతుంది. ఒకసారి సుద్దముక్కతో టైర్ అంచు మీద, గోడ మీద అడ్డంగా గీతలు గీసి రెండు రౌండ్లు కొట్టి రండి, సుద్ద ఎంతవరకు చెరిగిపోయిందో చూస్తే టైర్ ఎంత మడతపడుతోందో తెలుస్తుంది. రూపాయి ఖర్చుతో ఇంతకన్నా మంచి టెస్ట్ లేదు.

గాలి ఇంట్లో పెట్టుకుని వెళ్ళి అలాగే వదిలేయకండి. చల్లగా ఉన్నప్పుడు 30 పెడితే సెషన్ అయ్యాక 36, 37 చూపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడే కొలిచి, నాలుగు చక్రాలూ మీరు అనుకున్న అంకెకి వచ్చేలా గాలి తీయాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్ళీ నింపుకోవాలి, ఇది మర్చిపోయి నేను ఒకసారి 24తో కర్నూలు దాకా వచ్చేశా.

కాయిలోవర్లు ఇప్పుడే వద్దు. స్విఫ్ట్‌లో షాపువాడు సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) మాత్రమే, క్యాంబర్‌కి (ముందునుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణానికి) ఫ్యాక్టరీ సర్దుబాటు లేదు. క్యాంబర్ బోల్టులు వేయించుకుంటే డిగ్రీ, డిగ్రీన్నర దొరుకుతుంది. ముందు టైర్ల బయటి అంచు చెక్కేసినట్టు అరగడం దాంతోనే బాగా తగ్గుతుంది. కాకపోతే రోజూ ఆఫీసుకి కూడా ఇదే బండి అయితే లోపలి అంచు అరుగుతుంది, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

పాత పిట్ మెకానిక్:

పోలో తమ్ముడూ, టైర్ పట్టు పెరిగితే ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా బ్రేక్ తొక్కుతాడు, అప్పుడు అదే ఆయిల్ ఇంకా తొందరగా మరుగుతుంది. బ్రేకులు సరయ్యాకే టైర్లు. సుద్దముక్క మాత్రం ఒప్పుకుంటా.

డాలస్ మియాటా:

డాలస్ నుంచి రాస్తున్నానండి. నాది మొదటి తరం మాజ్దా మియాటా (రెండు సీట్ల స్పోర్ట్స్ కారు), క్రెసన్ ట్రాక్‌కి ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తాను. ఇక్కడ క్లబ్బువాళ్ళు వచ్చేముందే ఒక చెక్ ఫారం ఇస్తారు, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు, ప్యాడ్ మందం ఎంత, చక్రం పట్టుకుని ఊపితే బేరింగ్‌లో ఆట ఉందా, బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, ఇవన్నీ రాసి సంతకం పెట్టాలి. మొదట్లో విసుక్కునేవాణ్ని, ఒకసారి ఆ ఫారం నింపుతుంటేనే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) రబ్బరు చిరిగి గ్రీజు అంతా పోయిందని బయటపడింది.

వేడి గురించి పైన ఆయన చెప్పిందానికి ఒక ఉదాహరణ. మియాటా ఇంజిన్ ముందు చక్రాలు నడిచే కార్లలో అడ్డంగా పెట్టడానికి చేసిన ఇంజిన్ నుంచి వచ్చింది. దాన్ని ఇందులో నిలువుగా తిప్పి పెట్టి, కూలెంట్ బయటికి పోయే దారిని ముందుకి మార్చారు. దాంతో వెనక ఉన్న నాలుగో సిలిండర్ దగ్గర ప్రవాహం తక్కువ. రోడ్డు మీద తేడా తెలియదు, ట్రాక్ మీద తెలుస్తుంది, అందుకే చాలామంది ఆ దారిని మళ్ళీ వెనక్కి తిప్పించుకుంటారు. ఎవరూ థర్మోస్టాట్ తీసేయరు, దాన్నీ దారితోపాటే వెనక్కి మారుస్తారు.

మీ స్విఫ్ట్‌కి అంత అవసరం ఉండదు. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఎండుటాకులు, పురుగులు, దుమ్ము పేరుకుని ఉంటాయి, అది కడిగించండి. రేడియేటర్ మూత మార్చండి, దాని స్ప్రింగ్ నీరసపడితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ ముందే మరుగుతుంది. లోపల బోరు నీళ్ళు పోసి ఉంటే ఉప్పు పట్టి ఉంటుంది, ఫ్లష్ చేయించి డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయించండి. ఏసీ ఆపే ఉంచారా? నవ్వకండి, నేను ఒక సెషన్ మొత్తం ఏసీ వేసుకుని తిరిగాను.

బెజవాడ స్విఫ్ట్:

మెకానిక్ అన్నా, మీకు దండం. నిన్న ఆదివారం ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డులో నాలుగు చక్రాలూ విప్పించాను. కుడి కాలిపర్ స్లైడ్ పిన్ (కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండేది) ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది, సుత్తితో కొడితే గానీ రాలేదు. అటువైపు లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయింది, బయటిది మాత్రం సగం పైన ఉంది. అంటే పిస్టన్ తోసినప్పుడు లోపలి ప్యాడ్ ఒక్కటే పనిచేస్తోంది, బయటిది ఊరికే కూర్చుంది. ఎడమకి లాగడం అందుకే! రెండుసార్లు అలైన్‌మెంట్‌కి డబ్బులు పోసిన నన్ను ఏమనాలి.

బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే, అది కూడా మారుస్తారా అన్నాడు.

కండెన్సర్ వెనక అయితే ఒక పిచ్చుక గూడు తక్కువ, అంతా ఉంది. ఏసీ వేసుకునే తిరిగానని ఇక్కడే ఒప్పుకుంటున్నా, చెన్నై ఎండ మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు పిన్‌లు, రబ్బర్లు, ముందు ప్యాడ్లు, డిస్కులు (డిస్కు మీద గాడి పడింది), రేసింగ్ బ్రేక్ ఆయిల్, రేడియేటర్ మూత, కూలెంట్ అన్నీ కలిపి పాతిక వేల లోపే అయ్యేలా ఉంది. పెద్ద డిస్కులు అవసరమా ఇంకా? కొత్త ప్యాడ్లు వేసి నేరుగా ట్రాక్‌కి పోవచ్చా?

పాత పిట్ మెకానిక్:

పెద్ద డిస్కులు వద్దు. నీ బండి టన్ను కూడా లేదు. స్టెప్నీ, జాకీ, వెనక సీటు ట్రాక్‌లో దింపేశావంటే ఇంకా తేలిక, అది ఫ్రీగా వచ్చే అప్‌గ్రేడ్.

కొత్త ప్యాడ్లతో నేరుగా పోకు. ఖాళీ రోడ్డు చూసుకుని 80 నుంచి 20కి ఎనిమిది, పదిసార్లు గట్టిగా తగ్గించు, పూర్తిగా మాత్రం ఆపకు. తర్వాత పది నిమిషాలు బ్రేక్ జోలికి పోకుండా నడుపు. ప్యాడ్ పొర డిస్కు మీద సమానంగా పట్టడానికి అది. వేడి మీద ఒకేచోట నొక్కి పెట్టి ఆపితే అక్కడ మచ్చలా అంటుకుని, తర్వాత స్టీరింగ్ కొట్టుకోవడం మొదలవుతుంది. ట్రాక్‌లో కూడా అంతే, చివరి రౌండ్ బ్రేక్ దాదాపు వాడకుండా మెల్లగా తిరిగి రా, పిట్‌లో హ్యాండ్ బ్రేక్ వేయకు, గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టు.

ఆయిల్ మార్చేటప్పుడు పాతదానిమీదే కొత్తది పోసి వదిలేస్తారు, పక్కన నిలబడు. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల దాకా తోసేదానికి) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి నాలుగింటిలోనూ రంగు మారేదాకా తీయించు. డాట్ 5 అని రాసున్నది మాత్రం కొనకు, అది సిలికాన్, నీ సిస్టమ్‌ది కాదు. డాట్ 5.1 వేరు, అది పర్వాలేదు. పేర్లు ఇలా పెట్టినవాణ్ని ఏం చేసినా పాపం లేదు.

ఇంజిన్ ఆయిల్ గేజీ పుల్ల ప్రతి సెషన్ తర్వాతా తీసి చూడు, పై గీత దగ్గరే ఉండాలి. పొడవైన మలుపులో ఆయిల్ అంతా సంప్‌లో (ఇంజిన్ కింద ఉండే ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకి పోతుంది, తక్కువ ఉంటే పంపు గాలి పీలుస్తుంది, అప్పుడు పోయేది బేరింగులు. చక్రాల నట్లు ఎయిర్ గన్‌తో కొట్టించి వదిలేయకు, టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో కొలిచి బిగించే పానా) ఒకటి కొనుక్కో, చల్లారాక మళ్ళీ చూసుకో.

గచ్చిబౌలి పోలో:

ఇంకోటి, ఎవరూ చెప్పలేదు. మీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి, వాడకం పరిమితుల దగ్గర రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదని ఉంటుంది. ఆ మట్టి అవతల గోడ ఉండుంటే రిపేరు మొత్తం మీ జేబులోంచే పోయేది. మిగిలే డబ్బుల్లో కొంత ఆ లెక్కలో పక్కన పెట్టుకోండి. సైలెన్సర్ సంగతి మర్చిపోండి, బైకుల సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించడం చూశాంగా.

బెజవాడ స్విఫ్ట్:

లిస్టులో సైలెన్సర్, రీమ్యాప్ కొట్టేశా, మా ఫ్రెండ్ అలిగాడు. మిగతా డబ్బుతో క్యాంబర్ బోల్టులు, ఒక సెట్ టైర్లు, టార్క్ రెంచ్. వచ్చే ట్రాక్ డేకి వెళ్తున్నా.

పాత పిట్ మెకానిక్:

వెళ్ళు. ఈసారి రాత్రంతా నడిపి నిద్ర మొహంతో ట్రాక్ ఎక్కకు, ముందురోజే బయల్దేరి నెల్లూరులో పడుకో. మొదటి సెషన్ అయ్యాక ప్యాడ్ల ఫోటో పెట్టు.