పాత నికెలోడియన్ షోల ఫ్యాన్ పేజీలో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

పాత_రిమోట్:
అమెరికా పిల్లల టీవీ చానెల్ నికెలోడియన్‌లో వచ్చిన 2000ల నాటి షోల మీద తెలుగులో ఒక ఫ్యాన్ పేజీ నడుపుతున్నాం. ఆ షోల బాలనటులకు ఎదురైన వేధింపుల మీద 2024 మార్చిలో ‘క్వైట్ ఆన్ సెట్’ డాక్యుమెంటరీ వచ్చినప్పటి నుంచి కామెంట్లు అదుపు తప్పాయి. కాలిఫోర్నియాలో బాలనటుల కోసం అన్ని చట్టాలున్నాయి కదా, తల్లో తండ్రో సెట్లోనే ఉండాలి కదా, మరి ఇదంతా ఎలా సాగింది? పిల్లల సంపాదన వాళ్లకే దక్కేదా? పేజీలో ఉన్న పాత క్లిప్పుల్ని ఏం చేయాలో కూడా చెప్పండి.

కాల్‌షీట్:
డబ్బు సంగతి ముందు చెప్తాను. బాలనటుడిగా లక్షల డాలర్లు సంపాదించిన జాకీ కూగన్ 1938లో తల్లి మీద, సవతి తండ్రి మీద కేసు వేస్తే చివరికి చేతికొచ్చింది సుమారు 1,26,000 డాలర్లే. ఆ మరుసటి ఏడాది కూగన్ చట్టం తెచ్చారు. కానీ అది కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించేది కాబట్టి తప్పించుకోవడం తేలికయ్యేది. 2000 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో సంపాదన మొత్తం పిల్లలదే అయింది. పారితోషికంలో 15 శాతాన్ని నిర్మాతే నేరుగా కూగన్ ఖాతాలో, అంటే పిల్లల పేరున ఉండే ప్రత్యేక ట్రస్టు ఖాతాలో వేయాలి. 18 ఏళ్లు నిండేదాకా దాన్ని తీయడం కుదరదు.

వెయ్యి డాలర్లు వచ్చాయనుకోండి. ఖాతాకు 150, ఏజెంటుకు 10 శాతం లెక్కన 100, మేనేజరు ఉండి 15 శాతం తీసుకుంటే ఇంకో 150. మిగిలే 600లోంచి పన్నులు పోవాలి. ఆ మిగిలింది కూడా చట్టప్రకారం పిల్లలదే, కానీ పెత్తనం తల్లిదండ్రులది. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ‘15 శాతమే పిల్లలది, మిగతాది ఇంటిది’ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు.

ఇంకోటి. మామూలు సేవింగ్స్ ఖాతా ఇందుకు పనికిరాదు. 180 రోజుల్లోగా తల్లిదండ్రులు ఖాతా వివరాలు ఇవ్వకపోతే ఆ 15 శాతం నటుల సంక్షేమ నిధికి వెళ్తుంది. ఇప్పుడు దాని పేరు ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్. ఎవరూ అడగని డబ్బు అక్కడ ఉంటే, పెద్దవాళ్లయిన బాలనటులు తమ పేరుతో వెతికి తీసుకోవచ్చు.

మూడోగంట:
సెట్ నియమాలు కాగితం మీద గట్టివే. 9 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకి బడి రోజుల్లో 5 గంటల పని, 3 గంటల చదువు, 1 గంట విశ్రాంతి. పదిమంది పిల్లలకి ఒక స్టూడియో టీచర్, అంటే సెట్లో చదువు చెప్తూ పిల్లల బాగోగులు చూసే మనిషి. 16 ఏళ్ల లోపు పిల్లలు తల్లి లేదా తండ్రి కంటికి కనబడేంత, లేదా చెవికి వినబడేంత దూరంలో ఉండాలి.

అయితే ఈ కాపలా అంతా సెట్ గేటు దాకానే. కోచింగ్, ఆడిషన్‌కి కారులో తీసుకెళ్లడం, రాత్రి ఎవరింట్లోనో ఆగడం, ఇవేవీ టీచర్ కంటికి ఆనవు. నికెలోడియన్ బాలనటుడు డ్రేక్ బెల్ విషయంలో జరిగింది అదే. అతన్ని లైంగికంగా వేధించిన డైలాగ్ కోచ్ బ్రయన్ పెక్‌ని 2003లో అరెస్టు చేశారు, 2004లో 16 నెలల శిక్ష పడింది. మేనేజరుగా ఉన్న బెల్ తండ్రి ముందే అనుమానపడ్డాడనీ, తర్వాత ఆయన్నే పక్కకు తప్పించారనీ డాక్యుమెంటరీలో ఉంది. నన్ను బాగా బాధపెట్టేది ఇదే: అనుమానించిన మనిషి దూరమైతే ఏ నియమమూ పనిచేయదు. పిల్లలతో పనిచేసే మేనేజర్లు, ఫొటోగ్రాఫర్లు, శిక్షకులు వేలిముద్రలిచ్చి పర్మిట్ తీసుకోవాలన్న కాలిఫోర్నియా చట్టం 2013లో గానీ అమల్లోకి రాలేదు.

తెరవెనుక_అభిమాని:
పేజీ గురించి నేను చెప్తాను. ‘అసభ్య సన్నివేశాలు చూడండి’ అంటూ పాత క్లిప్పులు ఏరి కూర్చిన వీడియోలన్నీ ఈరోజే తీసేయండి. తప్పు బయటపెట్టాలనే ఉద్దేశంతో చేసినా, చూడకూడని కళ్లకి అవి సరుకవుతాయి. సన్నివేశం గురించి మాట్లాడాలంటే ఎపిసోడ్ పేరు రాసి మాటల్లో చెప్తే చాలు, స్క్రీన్‌షాట్ అక్కర్లేదు.

‘ఆ బాధితురాలు ఫలానా అమ్మాయే’ అనే ఊహలకి ఒక్క నిమిషం కూడా చోటివ్వకండి. బెల్ తన పేరు తానే చెప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పేర్లన్నీ కీవర్డ్ ఫిల్టర్‌లో పెడితే అవి ఉన్న కామెంట్లు మీరు చూసి వదిలేదాకా ఆగుతాయి. ఒక్క ఇంగ్లిష్ స్పెల్లింగే పెడితే సగం జారిపోతాయి, తెలుగు లిపిలోనూ పెట్టండి.

సహనటుల మీద దాడినీ ఆపాలి. బెల్‌తో కలిసి నటించిన జాష్ పెక్ మౌనంగా ఉన్నాడని వేలమంది మీదపడ్డారు. అతను తనతో విడిగా మాట్లాడాడనీ, కాస్త మెల్లగా ఉండమనీ బెల్ స్వయంగా చెప్పాల్సి వచ్చింది. ఇంటిపేరు ఒకటే కావడంతో జాష్‌ని ఆ కోచ్‌కి బంధువని రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఏ చుట్టరికమూ లేదు. ఆ ముక్క పేజీ పైన పిన్ చేసి ఉంచండి.

పాత_రిమోట్:
సంకలనాలు తీసేశాం. పిన్ పోస్టు రాత్రికి పెడతాం. మరి కుటుంబ వ్లాగుల్లో కనిపించే పిల్లల క్లిప్పులు?

కాల్‌షీట్:
వాటికి స్టూడియో టీచరూ ఉండదు, పని గంటలూ ఉండవు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి, 30 రోజుల వ్యవధిలో పెట్టిన వీడియోల్లో కనీసం 30 శాతంలో 16 ఏళ్ల లోపు పిల్లలు కనిపిస్తే వాళ్ల వాటా విడిగా దాచాలి. కాలిఫోర్నియా కూడా 2025 నుంచి అలాంటి చట్టమే అమలు చేస్తోంది. ఇవి రెండూ డబ్బు సంగతే చూస్తాయి. పిల్లల ఇష్టాయిష్టాలు అడిగేవాళ్లు అక్కడ లేరు కాబట్టి, మీ పేజీలో అసలు పెట్టకండి.