చూసేది మనం ఎంచుకున్నదా, అలవాటుగా చూసేస్తున్నదా?

రేడియోప్రియ:
మనం ఏం చూడాలో యాప్‌లోని అల్గారిథమే తేల్చేస్తోందని అందరూ దాని మీద పడి ఏడుస్తున్నారు కాబట్టి అడుగుతున్నా. మీడియా జనాన్ని ఏం చేస్తోందని కాదు, జనం మీడియాతో ఏం చేసుకుంటున్నారో చూడమని మీడియా పరిశోధకుడు ఎలిహు కాట్జ్ 1959లోనే అన్నాడు. లోకం సంగతులు తెలియాలి, కాసేపు టెన్షన్ మర్చిపోవాలి, నలుగురిలో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలి, మనలాంటి వాళ్లు తెర మీద కనబడాలి. ఇవేవీ లేకుండా ఊరికే ఫోన్ తీసేవాళ్లెవరు? నచ్చకపోతే వేలితో పైకి తోసేయడం లేదా?

నిద్రపట్టనివాడు:
తోసేస్తాం. తోస్తే వచ్చేదీ ఆ యాప్ ఇచ్చిందేగా! ఒక ఎపిసోడ్ అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది. ఆపకపోతే నేను కోరి చూసినట్టు లెక్క. అర్ధరాత్రి దాటాక నేను చూసేవాటిలో సగం, ఆపే ఓపిక లేక చూసేవే.

రేడియోప్రియ:
అదీ అవసరమేనండీ. కాలక్షేపం.

నిద్రపట్టనివాడు:
అలాగైతే ఏం చేసినా ఏదో ఒక అవసరం తీరినట్టే. ఇక అవసరం కొద్దే చూస్తామనే ఈ సిద్ధాంతం తప్పని తేలేదెప్పుడు?

పాతపేపరు:
1945లో న్యూయార్క్‌లో పేపర్లు చేరవేసే కార్మికులు సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా చాలా ఇళ్లకు పేపరు రాలేదు. మీకేం లోటు అనిపించిందని బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు పాఠకులను అడిగించాడు. లోకంలో ఏం జరుగుతోందో తెలియడం లేదన్నారు. సరే, ఏ వార్త తెలియలేదని వెలితిగా ఉందో చెప్పమంటే చాలామంది తేల్చి చెప్పలేకపోయారు. జపాన్‌తో యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి! కొందరు పాత పత్రికలు తీసి, అప్పట్లో వదిలేసిన పేజీలు చదువుకున్నారు. వాళ్లకు కావలసింది వార్త కాదు, చదవడానికి ఏదో ఒకటి. అడిగితే మర్యాదగా వినిపించే కారణమే చెబుతాం. ఈ రంగంలో చాలా సర్వేలు ఆ మాటనే నమ్ముకున్నాయి, నా పేచీ అక్కడే.

మధ్యాహ్నంసీరియల్:
జనం మాటను మరీ అంత తీసిపారేయకండి. అమెరికాలో రేడియో సీరియళ్లు వినే ఆడవాళ్లను 1940ల్లో హెర్టా హెర్జోగ్ అనే పరిశోధకురాలు ఎందుకు వింటున్నారని అడిగింది. కొందరు మనసారా ఏడవడానికి వింటున్నామన్నారు, ఇంకొందరు సంసారంలో చిక్కొస్తే ఏం చేయాలో తెలుస్తుందన్నారు. ఏడవడానికి వింటున్నామని మర్యాద కోసం ఎవరైనా చెబుతారా?

ఇక అలవాటు సంగతి. ఇంటికి రాగానే నేను టీవీలో ఏదో ఒక షో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఏ షో అని అడిగితే చెప్పలేను. ఇంట్లో మనిషి గొంతు వినబడుతుంటే చాలు. ఫలానాది కావాలని వెతుక్కుని చూడటం వేరు, అలవాటుగా పెట్టుకోవడం వేరు అని అలన్ రూబిన్ అనే మీడియా పరిశోధకుడు 1984లోనే విడదీశాడు. షోను నేను ఎంచుకోలేదు, నిజమే. ఆ చప్పుడును మాత్రం నేనే ఎంచుకున్నాను.

నిద్రపట్టనివాడు:
మరి కాసేపయ్యాక ‘ఇంకా చూస్తున్నారా?’ అని తెర మీద అడిగితే ఏం నొక్కుతారు?

మధ్యాహ్నంసీరియల్:
రిమోట్ సోఫాలో, నేను పొయ్యి దగ్గర. గొంతు ఆగిపోయిందని తెలిశాకే పరిగెత్తుకొస్తాను.