పాత రాడ్జర్స్ మడత చాకు వేలంలో ఉంది, ఎంత దాకా పాడొచ్చు?

పటమట కుర్రాడు:
అందరికీ నమస్తే. నాది విజయవాడ. మా తాతయ్య దగ్గర ఒక మడత చాకు ఉండేది, ఆయన దాన్ని రాజర్స్ చాకు అనేవాడు, మామిడికాయ కోసినా వక్క చెక్కినా దాంతోనే, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అప్పట్నుంచి అలాంటిదే ఒకటి కొనాలని ఉంది.

ఇప్పుడు ఒక వేలం సైట్లో అమెరికా అతను జోసెఫ్ రాడ్జర్స్ (ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఊరి పాత చాకుల కంపెనీ) చాకు పెట్టాడు. రెండు బ్లేడ్లు, పెద్ద దాని మొదట్లో నక్షత్రం, శిలువ గుర్తులు, జి, కిరీటం, ఆర్ కనిపిస్తున్నాయి. పిడి దుప్పికొమ్ము అని, చివర్లు వెండి అని రాశాడు. బ్లేడ్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఇప్పటికి 42 డాలర్లు, షిప్పింగ్ ఇంకో 28. మన టైం ప్రకారం సోమవారం పొద్దున్న ఆరున్నరకి ముగుస్తుంది. ఫొటోలు నాలుగే ఉన్నాయి. అసలుదేనా, ఎంత దాకా పాడొచ్చు, ఇప్పుడే బిడ్ వెయ్యాలా ఆగాలా? మొదటిసారి కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట సాన:
తమ్ముడూ, ఆ అద్దంలాంటి మెరుపే నాకు నచ్చలేదు. వాడిన కార్బన్ స్టీలు చాకు అన్నేళ్లకి బూడిద రంగుకి తిరుగుతుంది, అక్కడక్కడ నీలం నీడ కూడా ఉంటుంది, అది తుప్పు కాదు, దాని వయసు. ఎవరో మోటారు చక్రం మీద పెట్టి పాలిష్ కొట్టేశారంటే ఆ వయసు పోయినట్టే, పైగా పైన ఉన్న ఇనుము కూడా కొంత పోతుంది. గుర్తుని జూమ్ చేసి చూడు. అక్షరాల అంచులు పదునుగా ఉంటే పరవాలేదు, కరిగిన సబ్బు మీద అచ్చులా మెత్తబడితే పాలిష్ గట్టిగానే పడింది. కొత్త బ్లేడు మీద పాత పేరు కొట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు, అలాంటప్పుడు గుర్తు కొత్తగా, దాని చుట్టూ ఇనుము పాతగా, లేదా గుర్తు పాతగా, ఇనుము కొత్తగా, ఒకదానికొకటి పొసగకుండా ఉంటాయి.

తర్వాత బ్లేడులో ఎంత మిగిలిందో చూడాలి, నా దృష్టిలో ధర తేల్చేది అదే. సాన పట్టీ పట్టీ వెడల్పు తగ్గిపోతుంది. గోరు పెట్టి తెరిచే గాడి ఉంటుంది కదా, అక్కడి నుంచి అంచు దాకా ఎంత ఉందో చూసి, అదే మోడల్ మంచి చాకు ఫొటో పక్కన పెట్టి పోల్చు. పిడి దగ్గర అంచు మొదలయ్యే చోట మెట్టులా గుంట పడితే బాగా అరిగిందని అర్థం. మూసినప్పుడు మొన పిడిలోంచి పైకి పొడుచుకొస్తోందా చూడు, వస్తుంటే బ్లేడు ఆగడానికి కింద ఉండే చిన్న బుడిపె అరిగిపోయినట్టు. జేబులో పెట్టుకుంటే గుడ్డ చిరుగుతుంది, వేలూ తెగుతుంది.

అతన్ని ఇంకో మూడు ఫొటోలు అడుగు. ఒకటి వెనక వైపు నుంచి, బ్లేడు తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు పిడితో సమంగా ఉందా లేదా తెలిసేలా. ఒకటి పైనుంచి లోపలికి, తుప్పు గుంటలన్నీ అక్కడే దాక్కుంటాయి. ఇంకోటి రెండో బ్లేడు మొదలు. వీలైతే తెరిచి మూసే చిన్న వీడియో కూడా. మంచి చాకు టక్కుమని మూసుకుంటుంది, ఆ చప్పుడు లేకుండా మెత్తగా పడిపోతే స్ప్రింగు నీరసించింది. పిడిలో మేకుల చుట్టూ సన్నటి పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడు. అడిగితే పంపని వాడి దగ్గర నేనైతే కొనను.

వెండి అని రాశాడన్నావు. అది చాలావరకు నికెల్ సిల్వరే అయి ఉంటుంది, రాగి, నికెల్, జింకు కలిపింది, అందులో వెండి ఉండదు. వెండి బ్లేడుతో చేసిన పళ్ల చాకులు వేరే ఉన్నాయి, వాటి మీద హాల్‌మార్క్ ఉంటుంది, షెఫీల్డ్‌వి అయితే 1974 దాకా కిరీటం గుర్తు. నీ చాకు మీద కిరీటం రాజుగారిది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒన్‌టౌన్ పాత సామాన్లు:
పైన అన్న చెప్పింది కరెక్ట్. కాలం సంగతి నేను కలుపుతాను. జి, ఆర్ అంటే జార్జి రాజు. ఐదవ జార్జి 1910 నుంచి 1936 దాకా, ఆరవ జార్జి 1936 నుంచి 1952 దాకా, కాబట్టి ఆ రెండక్షరాలు చూసి "వందేళ్ల నాటిది" అంటే నమ్మొద్దు. విక్టోరియా కాలానివి వి, ఆర్ అని ఉంటాయి, అది 1901తో అయిపోయింది. బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని ఉంటే 1913కి ముందుది కాదు, ఆ ఉక్కు షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రేర్లీ ఆ ఏడాది తయారు చేశాడు. అమెరికాలో కేస్ అనే కంపెనీ చాకులకైతే లెక్క ఇంకా తేలిక, 1970లో గుర్తు కింద పది చుక్కలు పెట్టి ఏడాదికొకటి తగ్గించుకుంటూ వచ్చారు.

ఇంకో మాట, పిడి రంగురంగుల ప్లాస్టిక్‌లా ఉంటే సెల్యులాయిడ్ కావచ్చు. పాతబడితే అందులోంచి ఆవిరి వచ్చి పక్కనున్న బ్లేడ్లు కూడా తుప్పు పడతాయి, మన బెజవాడ ఎండలకి ఇంకా తొందరగా. అలాంటివి మిగతా చాకులతో ఒకే డబ్బాలో పెట్టకండి. కర్పూరం వాసన వస్తుందేమో చూద్దామని వేడి సూది గుచ్చేవాళ్లున్నారు, అది భగ్గున అంటుకుంటుంది, ఆ పని అస్సలు చెయ్యొద్దు.

మిర్చి యార్డు అబ్బాయి:
బిడ్ సంగతి నేను చెప్తా. మా నాన్న గుంటూరు యార్డులో చేసేవాడు. అక్కడ టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి, కాయ విరిచి, రంగు చూసి, తేమ చూసి తర్వాత రేటు చెప్తారు. ఇక్కడ ఆ చెయ్యి పెట్టే అవకాశం లేదు, అందుకే ఫొటోలో కనపడని ప్రతి దానికీ ధర తగ్గించుకోవాలి. నేను కనపడనిది పాడైపోయిందనే అనుకుని లెక్క వేస్తాను.

ఆ సైట్లలో మీరు వేసిన గరిష్ఠ బిడ్ వేరేవాళ్లకి కనపడదు, మీ తర్వాతివాడి కంటే ఒక్క మెట్టు పైన ఆగుతుంది. కాబట్టి ఇప్పుడే పది పది డాలర్లు పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, అవతలివాడికి కసి పుడుతుంది అంతే. పాత చాకులు నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో, అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర, ఒక పది చూసి కాగితం మీద మీ అంకె రాసుకోండి. షిప్పింగూ కస్టమ్స్ సుంకమూ అందులోంచే పోవాలి, సుంకం లెక్క వస్తువు ధరకి షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. ముగిసే ముందు చివరి పది సెకన్లలో ఆ అంకె ఒక్కసారి వేసి ఫోన్ పక్కన పెట్టండి. గుండ్రటి అంకె వద్దు, 60 అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, 61.37 వెయ్యండి.

బ్రాడీపేట సాన:
ఒకటి మర్చిపోయాను, ముఖ్యమైంది. పిడి నిజంగా దుప్పికొమ్ము అయితే మన వైపు ఇబ్బంది. షెఫీల్డ్ వాళ్లు వాడిన కొమ్ములో చాలా భాగం మన దేశపు సాంబర్‌దే, కానీ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అలాంటివి కొనడం, తెప్పించడం తేలిక కాదు, పార్శిల్ కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఏనుగు దంతం పిడి అయితే మాట్లాడుకోవడమే వద్దు. కాకపోతే చాలామంది గాట్లు కొట్టి రంగేసిన పశువుల ఎముకని కొమ్ము అని రాసేస్తారు. ఎముక మీద దగ్గరగా చూస్తే సన్నటి నల్ల చుక్కలు, గీతలు ఉంటాయి, గాట్లు ఒకే వరసలో ఉంటాయి. కొమ్ము పైభాగం చెట్టు బెరడులా ఉంటుంది, ఏ రెండు ముక్కలూ ఒకలా ఉండవు.

బటన్ నొక్కితే తెరుచుకునే రకం జోలికి కూడా పోవద్దు. ఇది మూడు అంగుళాల బ్లేడు, 2016 ఆయుధ నిబంధనల్లో చెప్పిన 9 అంగుళాలకి ఎంతో తక్కువ. అయినా వచ్చాక ఇంట్లోనే ఉంచుకో, జేబులో వేసుకుని బీసెంట్ రోడ్డులో తిరగకు.

పటమట కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. అతను ఫొటోలు పంపాడు, మంచి మనిషే. చుక్కలు కనిపిస్తున్నాయి, అంటే ఎముకే. కానీ రెండో బ్లేడు మీద రాడ్జర్స్ గుర్తు లేదు, రంగు కూడా కొంచెం తేడాగా ఉంది. పెద్ద బ్లేడుకి పిడి దగ్గర మెట్టు పడింది. అడిగితే తనకీ తెలియదన్నాడు.

బ్రాడీపేట సాన:
అయితే రెండోది మార్చినట్టే కనిపిస్తోంది తమ్ముడూ. వాడుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ సేకరణ ధర పెట్టకు. నీ అంకెలో మూడో వంతు కొట్టెయ్యి.

పటమట కుర్రాడు:
సోమవారం లేచి 41.37 వేద్దామని చూస్తే అప్పటికే 55 దాటేసింది, వెయ్యలేదు. చివరికి 88కి పోయింది. ముందు రోజు రాత్రి అమ్మకి ఆ ఫొటోలు చూపిస్తే, "ఇది కాదురా, మీ తాతయ్యది పిడి నల్లగా ఉండేది, ఒకటే బ్లేడు" అంది. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది వేరే చాకు. నల్లటి పిడి అంటే గేదె కొమ్మేనా అన్నా? ఫొటోలో అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

బ్రాడీపేట సాన:
గేదె కొమ్మే అయి ఉంటుంది, గేదెది కాబట్టి ఆ చట్టం గొడవా లేదు. పిడి అంచుల్లో పురుగు కొరికిన చిన్న గుంటలు చూడు, కొమ్ముని పురుగు తింటుంది. ఎండిపోతే పొరలు పొరలుగా లేస్తుంది, మేకుల దగ్గర కుంచించుకుపోయి కింద ఇత్తడి రేకు బయటపడుతుంది. ఒకటి దొరికితే లింక్ ఇక్కడ పెట్టు, బిడ్ వెయ్యకముందు కలిసి చూద్దాం. వచ్చాక కీలులో ఒక చుక్క కుట్టుమిషన్ ఆయిల్, బ్లేడుకి పల్చగా అదే తుడిచి పెట్టు, వానాకాలంలో నెలకోసారి.